తీగకో నెలవంక

ఏంటొదినా, మళ్లీ పెయింటరుని తిడుతున్నావా? గోడ చెమ్మ సంగతి తర్వాత చూద్దాంగానీ, ముందు ఇది విను.

మా ఆయన వారం రోజులుగా వైజాగ్ ఫిషింగ్ హార్బర్‌లోనే కాపురం. జూన్ 14తో వేట నిషేధం అయిపోతుందిగా. ఏప్రిల్ 15 నుంచి 61 రోజులు తీరుబడిగా ఉన్న బోట్లవాళ్లకి ఇప్పుడే అన్ని పనులూ గుర్తొచ్చాయి. నిన్న క్యారేజీ ఇద్దామని వెళ్తే, ఓ బోటుకి రాడార్ పెడుతున్నారు. ఇడ్లీ పాత్ర మూతలా తెల్లటి డోము. దాన్ని స్తంభం మీద బిగించడానికి గంట పట్టలేదు. తీగ లాగడానికి మాత్రం పొద్దుగూకింది!

నవ్వకు. డోము నుంచి కేబిన్‌లో తెర దాకా అతుకులేని తీగ ఉండాలట. దాని కొసన కనెక్టరేమో లావు, స్తంభానికి వేసిన కన్నమేమో చిన్నది. "కోసి మళ్లీ అతికేద్దామన్నా" అన్నాడో కుర్రాడు. మా ఆయన ఇంతెత్తున లేచారు. కన్నమే పెద్దది చేయించి, అంచుకి రబ్బరు తొడిగించారు. లేకపోతే బోటు ఊగినప్పుడల్లా ఇనుము తీగని కొరికేస్తుందట.

ఆ తర్వాత వల దారానికి బరువు కట్టి స్తంభంలోంచి కిందికి వదిలారు. పై కొసకి తీగ కట్టి, కనెక్టర్‌కి కవరు చుట్టి, కింద నుంచి మెల్లగా లాగారు. పిన్నీసుతో లంగాకి బొందు ఎక్కిస్తామే, అచ్చం అంతే. వీహెచ్‌ఎఫ్ రేడియో తీగతో కలిపి కట్టనివ్వలేదు. మలుపుల్లో నొక్కి మడవనివ్వలేదు.

అసలు కిటుకు కేబిన్ గోడ దగ్గరుంది. తీగని కన్నం కంటే జానెడు కిందికి దించి, నెలవంకలా తిప్పి, అప్పుడు పైకెత్తి లోపలికి దూర్చారు. తీగ పట్టుకుని జారిన నీళ్లు ఆ వంపు దగ్గరే చుక్కచుక్కగా రాలిపోతాయి. పోయినేడు ఎవరో ఇంకో బోటుకి తిన్నగా లాగేశారట. ఉప్పునీరు కనెక్టర్‌లోకి దిగి పచ్చగా చిలుము పట్టింది. సరిగ్గా ముసురు రోజునే తెర నల్లబడింది. వేలకు వేలు పోసిన రాడార్ ఉండీ సరంగు కళ్లు చికిలించుకుంటూ ఒడ్డుకొచ్చాడు.

ఇప్పుడు మీ కిటికీ చూడొదినా. కేబుల్ టీవీ తీగ మేడ మీద నుంచి తిన్నగా కన్నంలోకే దిగింది. చెమ్మ సరిగ్గా దాని కిందే ఉంది. పెయింటరుని వదిలేసి, ముందు ఆ తీగకి జానెడు వంపు పెట్టించు.