మామ్మ వాటా మాడు

నేను సినిమా పిచ్చివాణ్ణి. వంటలో నాకెప్పుడూ ఫెయిల్ మార్కులే. అలాంటి నేను ఓ ఆదివారం మా మండపేట ఇంటి పెరట్లో స్పెయిన్ దేశపు వంట మొదలెట్టానంటే నమ్ముతారా?

దాని పేరు 'పాయేయా'. వలెన్సియా వాళ్ళది. ఆ దేశానికి వరి అరబ్బులతో వచ్చింది. వలెన్సియా నగరానికి దక్షిణంగా అల్బుఫెరా అనే పెద్ద మడుగు, దాని చుట్టూ వరిచేలు. పొలం పనివాళ్ళు మధ్యాహ్నం వేళ కోడో, కుందేలో, నత్తలో, చిక్కుళ్ళో... దొరికింది వేసి, అక్కడే పుల్లల మంట మీద వండుకునేవారు. వాళ్ళ భాషలో పాయేయా అంటే అసలు మూకుడే! 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక పచ్చబడ్డ మన చేలు గుర్తు రావడం లేదూ?

ఇక రంగంలోకి దిగాను. వెడల్పాటి ఇనపమూకుడు, కొబ్బరి డొక్కల మంట. కోడిముక్కలు ఎర్రగా వేగాక చిక్కుడు, టమాటా. కుంకుమపువ్వు కొనే తాహతు లేదు గనుక దానికి పసుపు డూపు! నీళ్ళు మరిగాక బియ్యం పరిచాను. అసలు సస్పెన్సు ఇక్కడే. మూత పెట్టకూడదు, గరిటె తిప్పకూడదు. నీరు ఇగిరాక ఆఖర్న కాస్త మంట పెంచాలి.

కమ్మటి వాసన వచ్చింది... వెనకే మాడు వాసన! అమ్మ పరుగెత్తుకొచ్చింది.

"అయ్యో, అడుగంటించావురా!"

"అమ్మా, అదే క్లైమాక్సు! దాన్ని 'సొకర్రాత్' అంటారు. దానికోసం అక్కడ పోట్లాడుకుంటారు."

గోకి చేతిలో పెట్టాను. అమ్మ నోట్లో వేసుకోలేదు. చాలాసేపు దానికేసే చూసింది.

"మీ మామ్మ ఇదే తినేదిరా" అంది.

అదెవరికి తెలీదు? మామ్మకి మాడంటే ఇష్టమని మా ఇంటిల్లిపాదికీ తెలుసు. ఆవిడ గిన్నె గోకుతూంటే "మాడు మామ్మా" అని ఏడిపించేవాణ్ణి కూడా.

"ఇష్టమేమిట్రా? తొమ్మిదిమందికి వడ్డించాక మిగిలేది అదే. ఇష్టమంటే ఇంకెవరూ అడగరు కదా!"

తెర మీద సావిత్రి కంటికొసన ఏ భావం మెదిలినా పట్టేసేవాణ్ణి. ఒకే ఇంట్లో ఇన్నేళ్ళున్న మామ్మ నటన మాత్రం కనిపెట్టలేకపోయాను. డైలాగు నమ్మేశాను!

మామ్మ పోయి ఆరేళ్ళయింది. ఆ పూట మాడుని అమ్మా, నాన్నా, నేనూ సమంగా పంచుకున్నాం. కొంచెం చేదుగానే ఉంది.

మీ ఇంట్లోనూ "నాకిదే ఇష్టం" అనే మనిషి ఉంటే, ఇవాళ ఆ కంచంలోకి ఓసారి తొంగిచూడండి. సెకండ్ షోకి ఇంకా టైముంది!