నీళ్లకు లొంగని నిప్పు

ఆదివారం వచ్చిందంటే అరకు నుంచి పాడేరు వెళ్లే దారిలో కార్ల సందడి. చాలావరకు డుంబ్రిగుడ మండలంలోని చాపరాయి దగ్గర ఆగుతాయి. బండల మీంచి జారే నీళ్లను చూడ్డానికి అందరూ కిందికి పరుగు తీస్తే, పక్క పల్లె కుర్రాడు ఒకడు మాత్రం రోడ్డు మీదే ఉండిపోయేవాడు. అతని కళ్లన్నీ కార్ల చక్రాల మీదే! పూరేకుల్లా విచ్చుకుని తళతళలాడే ఆ చక్రాల పేరు ఓ డ్రైవరు చెప్పాడు... ‘మ్యాగ్ వీల్స్’.

ఆ కుర్రాడు పెద్దయ్యాక ఐటీఐలో టర్నర్ కోర్సు చేశాడు. కొండ దిగి విశాఖ వచ్చి, ఆటోనగర్‌లో చిన్న లేతు షాపులో చేరాడు. ఆ పేరు వెనకున్న సంగతి అక్కడ తెలిసింది. మ్యాగ్ అంటే మెగ్నీషియం. 1950, 60ల్లో అమెరికా రేసు కార్లకు నిజంగానే మెగ్నీషియం చక్రాలు బిగించేవారు. ఆ పేరే స్థిరపడిపోయింది. ఇప్పుడు మన రోడ్ల మీద కనిపించే అల్లాయ్ వీల్స్ దాదాపు అన్నీ అల్యూమినియంవే. వాటితో లేతు మీద పెద్ద పేచీ లేదు. ఎప్పుడో ఒకసారి అసలైన మెగ్నీషియం చక్రం వస్తేనే తంటా!

ఓ రోజు అలాంటిదే వచ్చింది. పాత రేసు బైకు చక్రం. బేరింగ్ కూర్చునే చోటు అరిగిపోయింది, బోరింగ్ చేసి బుష్ వేయాలి.

‘‘ఇదేటి మేస్త్రీ, ఇంత తేలిగ్గా ఉంది?’’ అన్నాడు కుర్రాడు చేతిలోకి తీసుకుని. మెగ్నీషియం అల్యూమినియం కన్నా మూడో వంతు తేలిక. ఇనుముతో పోలిస్తే నాలుగో వంతు బరువు కూడా ఉండదు. మేస్త్రి మాట్లాడకుండా చక్రం లోపలివైపు కాస్త రంగు గీకి, అక్కడ ఓ చుక్క వినెగర్ వేశాడు. బుసబుసా నురగ వచ్చింది. అల్యూమినియం అయితే అలా పొంగదు.

‘‘ఇయ్యాల గ్రైండరు ఎవరూ ముట్టుకోకండ్రా’’ అన్నాడు మేస్త్రి.

బడి సైన్సు గదిలో మెగ్నీషియం రిబ్బన్ కాల్చి చూపించడం చాలామందికి గుర్తుండే ఉంటుంది. కళ్లు జిగేల్‌మనే తెల్లటి మంట! కుర్రాడికీ అదే గుర్తొచ్చింది. ‘‘అయితే చక్రం మొత్తం అంటుకుంటుందా?’’ అని అడిగాడు.

‘‘మీ ఊళ్లో పొయ్యి ఎలా ముట్టిస్తార్రా? దుంగకి అగ్గిపుల్ల గీస్తారా?’’

అంతే, అర్థమైపోయింది. దుంగ అంత సులువుగా అంటుకోదు, చిదుగులు భగ్గుమంటాయి. చక్రం దుంగలాంటిది. ఒకచోట వేడి తగిలినా లోహమంతా పాకి చల్లారిపోతుంది. టూల్ కింద రాలే సన్నటి రజను చిదుగు. పాలిష్ చేస్తే లేచే పొడి ఇంకా ప్రమాదం. అందుకే మెగ్నీషియం పనిలో భయపడాల్సింది చక్రానికి కాదు, కింద రాలినదానికి.

పోడు కొట్టే రైతుకు ఈ పాఠం కొత్త కాదు. నిప్పు పెట్టే ముందే చేను చుట్టూ ఎండుటాకులు ఊడ్చి బాట తీస్తాడు. మంట అక్కడిదాకా వచ్చి, తినడానికి ఏమీ లేక ఆగిపోతుంది. ఆ పనే లేతు దగ్గరా చేశారు. ముందుగా మిషన్ కింద పేరుకున్న పాత ఇనుప రజనంతా ఊడ్చేశారు. పక్కన వెల్డింగ్ ఆపించారు. టూల్‌కి కొత్తగా పదును పెట్టారు. మొద్దుబారిన టూల్ కోయదు, రాస్తుంది. ఆ రాపిడికే వేడి పుడుతుంది. కోత మరీ సన్నగా కాకుండా కాస్త మందంగా తీశారు, చిప్స్ లావుగా రాలేలా. నీళ్లలో కలిపే పాలలాంటి కూలెంట్ వాడలేదు. గాలి పైపుతో ఊదలేదు, పొడి లేస్తుంది కాబట్టి. రాలిన చిప్స్‌ని ఎప్పటికప్పుడు బ్రష్‌తో తీసి, తడిలేని ఇనుప డబ్బాలో వేశారు. తడిసిన రజనును గట్టిగా మూతేసి దాచకూడదు. చెమ్మతో కలిసి అది నెమ్మదిగా హైడ్రోజన్ వాయువు వదులుతుంది.

ఇంత చేసినా, పని ముగింపులో టూల్ అంచు విరిగింది. గుప్పెడు చిప్స్ తెల్లగా అంటుకున్నాయి. హెల్పరు నీళ్ల మగ్గు ఎత్తాడు. ‘‘నీళ్లొద్దు తమ్ముడూ!’’ అంటూ కుర్రాడు ఆ చెయ్యి పట్టుకున్నాడు. మిషన్ ఆపి, ముందే పక్కన పెట్టుకున్న పొడి బీడు రజనును పారతో మెల్లగా కప్పేశాడు. మంట చూపు దాచుకుంది. చల్లారేదాకా ఎవరూ కదపలేదు.

మండే మెగ్నీషియం నీళ్లలోని ఆక్సిజన్‌ని లాక్కుని హైడ్రోజన్‌ని వదిలేస్తుంది. ఆ హైడ్రోజన్ మళ్లీ మండుతుంది! కార్బన్ డయాక్సైడ్ సిలిండర్ కొట్టినా అంతే, అందులోని ఆక్సిజన్‌నీ లాక్కుంటుంది. ఫ్రాన్స్‌లోని లె మాన్స్ రేసులో 1955 జూన్ 11న ఓ మెర్సిడెస్ కారు జనం వైపు ఎగిరిపడి, డ్రైవరుతో సహా 80 మందికి పైగా ప్రాణాలు పోయాయి. ఆ కారు పైభాగం మెగ్నీషియం మిశ్రమంతో చేసినది. నీళ్లు చల్లితే మంట మరింత రేగింది.

తడిలేని, తుప్పు పట్టని బీడు రజను గానీ, లోహాల మంటలకే తయారుచేసిన డి-క్లాస్ పొడి సిలిండర్ గానీ దగ్గరుండాలి. ఇసుక పెట్టుకుంటే ఎండబెట్టి, మూతేసి ఉంచాలి. విశాఖలాంటి చోట సముద్రపు గాలికి ఇసుక కూడా చెమ్మ పడుతుంది. మంట పెద్దదైతే సాహసాలు వద్దు. అందర్నీ బయటికి పంపి, ఫైర్ స్టేషన్‌కి ఫోన్ చేసి, అక్కడ కాలుతున్నది మెగ్నీషియం అని ముందే చెప్పాలి. ఆ ఒక్క మాట వచ్చేవాళ్ల ప్రాణాలు కూడా కాపాడుతుంది.

కొండల నుంచి, పల్లెల నుంచి ఎందరో పిల్లలు ఇలాంటి షాపుల్లో పనికి కుదురుతున్నారు. జీతమెంత, భోజనం సంగతేంటి అని ఇంట్లోవాళ్లు అడుగుతారు. మరో ప్రశ్న కూడా అడగాలి. ‘అక్కడ నిప్పు రేగితే ఏం పోయాలో నీకు ఎవరైనా చెప్పార్రా?’ అని!