వేలాడుతున్న తీగ

తర్కశాస్త్రంలో చక్రకమనీ అనవస్థ అనీ రెండు దోషాలున్నాయి. ఒకటి రెండవదాన్ని, రెండవది మూడవదాన్ని ఆశ్రయించి, ఆ మూడవది మళ్ళీ మొదటిదాన్నే ఆశ్రయిస్తే చక్రకం. ఆ ఆశ్రయానికి అంతే లేకపోతే అనవస్థ. ఈ రెండూ పుస్తకాల్లోనే ఉంటాయనుకునేవాణ్ణి. మా బడి కంప్యూటరు గదిలో ఒకనాడు నా చేతుల మీదుగానే సంభవించాయని ఇన్నేళ్ళకు తెలిసింది.

తెలియజెప్పినవాడు నా పూర్వవిద్యార్థి. ఒక సంస్థలో సర్వర్లనూ, వాటి సమాచారాన్ని దాచే స్టోరేజి పెట్టెలనూ చూసుకునే ఉద్యోగం. మొన్న ఇంటికి వచ్చినప్పుడు, తాను కొత్తగా అమరుస్తున్న స్టోరేజి నెట్‌వర్కును కాగితం మీద గీసి చూపాడు. ఏదీ ఒంటరిగా ఉండరాదన్నది అందులో నియమమట. స్విచ్చిలు రెండు. ప్రతి సర్వరు నుంచీ స్విచ్చికొకటి చొప్పున రెండు తీగలు, స్టోరేజి పెట్టె నుంచీ అంతే. ఒక స్విచ్చి పాడైనా రెండవ దారిన పని సాగుతుంది.

బొమ్మ చూడగానే, పాత అలవాటు, తప్పు దిద్దాలనిపించింది.

"ఆ రెండు స్విచ్చిలనూ కలపలేదేం నాయనా? వాటి మధ్య కూడా రెండు తీగలు వేస్తే ఇంకా భద్రం కదా?" అన్నాను.

"ఆ పనే చేయకూడదు మాస్టారూ" అన్నాడు.

అందరినీ ఉద్దేశించిన సందేశం వస్తే, స్విచ్చి దాన్ని వచ్చిన ద్వారం తప్ప తక్కిన అన్ని ద్వారాల గుండానూ పంపివేస్తుంది. రెండు స్విచ్చిల మధ్య రెండు తీగలుంటే, ఒకదాని వెంట వెళ్ళింది రెండవదాని వెంట తిరిగివస్తుంది, మళ్ళీ వెళుతుంది. (రెండూ కలిపి ఒకే తీగగా భావించమని స్విచ్చిలకు ముందే చెబితే అది వేరు.) ఇంటర్నెట్టు పొట్లానికి ఆయుష్షు రాసి ఉంటుంది. మజిలీకొకటి చొప్పున తగ్గి చివరికి రాలిపోతుంది. ఈథర్‌నెట్టు ఫ్రేముకు ఆ మరణం లేదు. తిరిగిన ప్రతిసారీ తన నకళ్ళను అందరి మీదా చల్లుతుంది. క్షణాల్లో తీగలన్నీ నిండి అసలు పని ఆగిపోతుంది. దీన్ని బ్రాడ్‌కాస్ట్ తుఫాను అంటారట.

వింటూంటే నాకు చెమటలు పట్టాయి. నేను ఉద్యోగంలో ఉండగా ఒక సాయంత్రం ఆ గదిలో స్విచ్చి దగ్గర ఒక తీగ కొస వేలాడుతూ కనబడింది. చిందరవందర సహించలేని స్వభావం నాది. ఖాళీ రంధ్రంలో దోపి వచ్చాను. రెండవ కొస కూడా అదే స్విచ్చిలో ఉందని చూడలేదు. మర్నాడు ఒక్క యంత్రమూ మరొకదానితో మాట్లాడలేదు. మార్కుల జాబితాలు పంపడానికి అదే ఆఖరు రోజు. గది ఊడ్చిన అటెండరు ఏదో కదిపాడని అందరూ తీర్మానించారు. నేనూ నాలుగు మాటలన్నాను.

ఈ దోషానికి విరుగుడు 1985లోనే పుట్టింది. డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్‌లో పనిచేస్తూ రేడియా పెర్ల్‌మన్ అనే ఆవిడ స్పానింగ్ ట్రీ పద్ధతిని రూపొందించారు. స్విచ్చిలు తమలో తాము కబుర్లు పంపుకొని, అతి తక్కువ సంఖ్య గలదాన్ని మూలంగా ఎన్నుకుంటాయి. అక్కడి నుంచి ప్రతిదానికీ ఒక్కటే దారి మిగిలేటట్లు తక్కిన తీగలను నిద్రపుచ్చుతాయి; తెంచవు. వాడుకలోని తీగ తెగితే నిద్రించేది లేస్తుంది. జాయిస్ కిల్మర్ చెట్ల మీద రాసిన పద్యాన్ని అనుసరించి, ఆవిడ ఈ పద్ధతి మీద ఒక పద్యం కూడా చెప్పారు. గణితాన్ని పద్యాల్లో చెప్పిన పావులూరి మల్లన గుర్తుకొచ్చి పరమానందమైంది.

మా శిష్యుడు మాత్రం దీన్ని కాపలాకే ఉంచాడు. పాత పద్ధతిలో నిద్రించే తీగ లేవడానికి 30 నుంచి 50 సెకన్లు పట్టేది. 2001లో వచ్చిన కొత్త రూపం ఆ జాప్యాన్ని బాగా తగ్గించింది. అయినా డిస్కు కోసం కాచుకున్న సర్వరుకు కాస్త ఆలస్యమూ కష్టమేనట. అందుకని స్విచ్చిలను కలపకుండా, దారి ఎంచుకునే పని సర్వరులోని మల్టీపాత్ సాఫ్ట్‌వేరుకే వదిలాడు. సర్వరుకు కేటాయించిన ద్వారంలో మరో స్విచ్చి జాడ కనబడితే, ఆ ద్వారం దానంతటదే మూతబడేటట్లు కూడా పెట్టాడు. నావంటి సత్పురుషులు అన్నిచోట్లా ఉంటారు గదా!

వాడు వెళ్ళాక అటెండరు నంబరు వెదికి ఫోను చేసి, జరిగిందంతా చెప్పాను.

"ఏ తీగ మాస్టారూ?" అన్నాడు. తీగ సంగతి అతనికి గుర్తే లేదు. ఆనాడు నేనన్న మాటలు మాత్రం వరుసతో సహా అప్పగించాడు.