నాయనమ్మ సమాధి

మా నాయన పాలమూరు జిల్లానుండి బొంబాయికి ఇళ్ళు కట్టే పనికి వచ్చినవాడు. 1983లో నాయనమ్మ పోయింది. ఉత్తరం చేరేసరికి మట్టి చేయడం కూడా అయిపోయింది. ఆ బాధ ఆయనకు చివరిదాకా ఉండేది. "నువ్వన్నా పోయి సున్నం కొట్టి రా" అనేవాడు. సెలవు లేదని నేను జరుపుతూ వచ్చాను. ఆయన పోయిన మరుసటేడు ఈస్టరుకు బయలుదేరాను.

మా ఊళ్ళోదాన్ని ఎంబీ గుడి అంటారు. అనగా మెన్నోనైట్ బ్రదరెన్. ఆ పేరు చాలా దూరం నడిచి వచ్చింది. 16వ శతాబ్దంలో హాలెండులో మెన్నో సైమన్స్ అనే పాదిరి తన పదవి వదిలి, తెలిసి నమ్మినవారికే బాప్తిస్మం ఇవ్వాలనీ, కత్తి పట్టరాదనీ బోధించాడు. ఆయన వెంట నడిచినవారు హింసలకు తాళలేక ప్రష్యాకు, అక్కడినుండి రష్యా చక్రవర్తుల ఏలుబడిలోని ఉక్రెయినుకు వలసపోయి సేద్యం చేసుకున్నారు. అక్కడ 1860లో బ్రదరెన్ శాఖ ఏర్పడింది. ఆ శాఖవారైన అబ్రహాం ఫ్రీసెన్ దంపతులు బాప్టిస్టు మిషను తరఫున నల్లగొండకు వచ్చారు. 1899లో అమెరికా బ్రదరెన్‌వారు హైదరాబాదులో తమ సొంత మిషను మొదలుపెట్టి, తరువాత నాగర్‌కర్నూలు, వనపర్తి వైపు సాగారు. మహబూబ్‌నగరు 1937లో బాప్టిస్టులనుండి వీరికి వచ్చింది. వలసపోయి బ్రతికినవాళ్ళ సంఘం వలసకూలీల జిల్లాకే చేరింది!

పాస్టరుగారు పాత రిజిస్టరు తెచ్చి నా ముందు పెట్టారు. నేను గుమాస్తాను, రిజిస్టరు కనబడితే మొదటి పుటనుండి చూడవలసిందే. అందులో పుట్టిన తేదీలు లేవు, బాప్తిస్మం తేదీలే. నాయనమ్మ పెండ్లయి, బిడ్డను ఎత్తుకొని చెరువులో బాప్తిస్మం పొందింది. ఆమె వయసు ఎవరికీ తెలియదు గాని ఆ తేదీ మాత్రం ఉంది. పట్వారీ లెక్కల్లో భూమి ఉన్నవాడికే చోటు. మాల మాదిగ ఇండ్ల ఆడవాళ్ళ పేర్లు ఇలా వరుసగా వ్రాసి ఉండడం నేను మరెక్కడా చూడలేదు. నా వ్రేలు ఆ పేరు మీద చాలాసేపు ఆగిపోయింది.

కాని సమాధి ఎక్కడో అందులో లేదు. దొరల సమాధులకైతే చెక్కిన రాళ్ళుంటాయి. మావారికి మట్టిదిబ్బ, తలవైపు ఒక బండ, అంతే.

ఈస్టరు నాడు కోడికూతకే జనం సమాధుల దొడ్డికి చేరారు. ఒక ముసలాయన నన్ను వేపచెట్టు దగ్గరికి తీసుకుపోయాడు.

"గీడ్నే పెట్టినం బిడ్డా. ఈ రెండిట్ల ఏదో ఒకటి."

"రెండోది ఎవరిది తాతా?"

"యాదికి లేదు. వాళ్ళోళ్ళు గూడ బొంబాయే పోయిండ్రు."

ఒక్కదానికే సరిపడే సున్నం తీసుకుపోయాను. నీళ్ళు ఇంకొంచెం కలిపి, రెండింటికీ కొట్టాను.