పిల్లికూన ఇంటికి రాకముందు

“పిల్లికి కూడా సరుకులు కొంటారా అయ్యగారూ?” అని మా సంఘంలో ఒక పెద్దాయన నన్ను అడిగాడు. ఆయన ఆశ్చర్యపడడంలో వింతేమీ లేదు. మన నల్గొండ, మహబూబ్‌నగర్ పల్లెల్లో పిల్లిని ఎవరూ తెచ్చుకోరు. అదే వస్తుంది. ఎవరి అటక మీదనో ఈని, పిల్లలను నోట కరచుకొని ఏడిళ్లు తిప్పుతుంది. ఆ ఏడింటిలో మన ఇల్లు ఒకటైతే మనకూ పిల్లి ఉన్నట్టే. గోడ మీది నుండి వచ్చేదానికి గుమ్మంలో ఏర్పాట్లు ఎందుకు?

అయినా రెండేండ్ల క్రితం మా ఇంటికి మొదటిసారిగా పిల్లికూనను తెచ్చుకొన్నప్పుడు, అంతకుముందు అయిదారు వారాలు మేము దానికోసం ఏర్పాట్లు చేశాము. వాటిలో కొన్నవి తక్కువ, ఇంట్లోనుండి తీసివేసినవి ఎక్కువ. ధాన్యమూ పల్లీలూ ఇంట్లోనే నిలువ చేసుకొనే కుటుంబాలకు ఈ సంగతి పనికివస్తుందని వ్రాస్తున్నాను.

మేముండేది దేవరకొండ వైపు ఒక పల్లెలో, గుడి వెనుక ఇంట్లో. పంట కానుకల పండుగ అయిన తరువాత వడ్ల సంచులు, పల్లికాయ, కందులు వేలం వేసేదాకా మా ముందుగదిలోనే ఉంటాయి. ఎలుకలకు అంతకంటే ఏం కావాలి? ఆ సంవత్సరం అవి కానుకల సంచులతో ఆగలేదు. పాటల పుస్తకాల అంచులు కొరికాయి, చివరకు డోలకు తోలు కూడా కొరికాయి. అప్పుడు సంఘంలోని ఒక విధవరాలు, మేమందరం పెద్దమ్మ అని పిలిచే ఆమె, తన పిల్లి ఈనిందనీ ఒక కూనను ఇస్తాననీ చెప్పింది. “ఇప్పుడే గాదు. రెండు నెలలు తల్లి దగ్గర ఉండనియ్యిరి” అన్నది. ఆమె మాట సరియైనది. ఎనిమిది వారాలు నిండకముందు తల్లినుండి తీసిన కూన తిండి తినడమూ నేర్వదు, గోళ్లు దాచుకోవడమూ నేర్వదు.

ధాన్యమూ ఎలుకా పిల్లీ కలిసిన కథ చాలా పాతది. పౌలు బర్నబాలు సువార్త ప్రకటించిన కుప్ర ద్వీపంలో, మనిషి ప్రక్కన పాతిపెట్టిన పిల్లి ఎముకలు దొరికినట్లు 2004లో శాస్త్రజ్ఞులు ప్రకటించారు. ఆ సమాధి సుమారు 9,500 ఏండ్లనాటిది. మనిషి గింజలు దాచుకోవడం నేర్వగానే ఎలుక వచ్చింది, ఎలుక వెంట పిల్లి వచ్చింది. ఇంత పాత స్నేహమైనా మన బైబిలులోని 66 గ్రంథాలలో ఇంటిపిల్లి పేరు కనబడదు. గాడిద ఉన్నది, కుక్క ఉన్నది, చీమ కూడా ఉన్నది. సండేస్కూలు పిల్లలు ఈ ప్రశ్న అడిగినప్పుడు నవ్వి ఊరుకోవడం తప్ప నాకు మరో దారి దొరకలేదు.

మా చిన్నమ్మాయి హైదరాబాదులో బంధువుల ఇంట్లో పిల్లిని చూచి వచ్చింది గనుక ఒక జాబితా వ్రాసింది. మెత్తని పరుపు, గోళ్లు గీరుకొనే స్తంభం, పెంటకు పొడి సంచి, పొట్లాల తిండి, గంట ఉన్న మెడపట్టీ. వస్తువులు పట్నానివే గాని వాటి వెనుకనున్న అవసరాలు నిజమైనవే. నక్కి కూర్చొనే చోటు, గోళ్లు గీరుకొనే చోటు, తవ్వి కప్పెట్టే చోటు ఏ పిల్లికైనా కావాలి. సంతలో మేదరివారి దగ్గర 150 రూపాయలకు మూత ఉన్న వెదురు బుట్ట తీసుకొన్నాము. కూనను తెచ్చేది అందులోనే, అది పడుకొనేదీ అందులోనే. వసారా గుంజకు పాత గోనెసంచి చుట్టి సుతిలితో కట్టాము. పగిలిన ప్లాస్టిక్ బేసినులో వాగు ఇసుక పోసి, తిండి పెట్టే చోటికి దూరంగా ఒక మూలన ఉంచాము. మెడపట్టీ మాత్రం నేను వద్దన్నాను. తుమ్మ కంపలో చిక్కుకొంటే దాని మెడకు ఉరి పడుతుంది. అదీగాక పిల్లి మెడలో గంట కట్టేదెవరని ఎలుకలు సభ పెట్టుకొన్నాయంటారు కదా, మా అమ్మాయి వాటి పని సులువు చేయబోయింది!

ఇసుకను ప్రతిరోజూ మార్చాలి. పిల్లి పెంటలో ఉండే ఒక సూక్ష్మజీవి కడుపులోని బిడ్డకు హాని చేయగలదు. అది ఒకటి రెండు రోజుల తరువాతగాని మనుషులకు అంటుకొనే స్థితికి రాదు గనుక ఏ రోజుది ఆ రోజే తీసివేయడం మంచిది. గర్భవతులు ఆ పని ముట్టుకోకూడదు. మిగిలినవారు సబ్బుతో చేతులు కడుక్కోవాలి.

తిండి విషయంలో మన ఊళ్లలో ఒక నమ్మకం ఉన్నది. పిల్లి అంటే పాలు, పాలన్నం. తల్లి పాలు మానిన కూనలలో చాలావాటికి ఆవు, బర్రె పాలు అరగవు, విరేచనాలవుతాయి. కుక్క పెరుగన్నంతో ఎలాగో బ్రతుకుతుంది గాని పిల్లి మాంసాహారి. టౌరిన్ అనే పదార్థం దానికి మాంసం, చేపలనుండే రావాలి. అది చాలకపోతే చూపు పోతుంది, గుండె చెడుతుంది. కోడిమాంసం దుకాణంలో మిగిలే ముక్కలు, సాగరు చేప తలకాయలు, గ్రుడ్డు ఉడికించి, ముళ్లూ ఎముకలూ తీసి పెడితే చాలు. ఉప్పు, కారం వద్దు. ఉల్లిగడ్డ, ఎల్లిగడ్డ పిల్లి రక్తాన్ని పాడుచేస్తాయి గనుక మిగిలిన కూర కలిపిన అన్నం పెట్టకండి. చిన్న కూనకు రోజుకు నాలుగుసార్లు కొంచెం కొంచెంగా పెట్టాలి.

పశువుల ఆసుపత్రికి కూన రాకముందే వెళ్లి మాట్లాడుకొన్నాము. నట్టల మందు ఎప్పుడు వేయాలో, మూడు నెలలు నిండగానే రేబీస్ టీకా దొరుకుతుందో లేదో ముందే అడిగి ఉంచుకోవడం మంచిది. ప్రతి సంవత్సరం జూలై 6న, 1885లో పాశ్చరు మొదటిసారి ఒక బాలునికి ఆ టీకా వేసిన దినాన, చాలా పశువైద్యశాలల్లో కుక్కలకు టీకాలు వేస్తారు. పిల్లినీ తీసుకొనివెళ్లి అడగవచ్చు. కరిచినా గీరినా పసుపు అద్ది ఊరుకోకండి. సబ్బుతో, పారే నీటితో 15 నిమిషాలు కడిగి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి పోవాలి. జ్వరానికి మనం వేసుకొనే పారాసిటమాల్ బిళ్ల పిల్లికి ప్రాణాంతకం. ఫినాయిల్ వేసి తుడిచిన నేల మీద నడిచి అది పాదాలు నాకుతుంది, అదీ విషమే. మేము ఫినాయిల్ సీసా మానివేశాము.

ఇక అసలు సంగతి. అటక దులుపుతుంటే కొబ్బరిచిప్పలో ఎలుకల మందు బిళ్లలు కనబడ్డాయి, ఎప్పటివో. అంగట్లో బిళ్లలుగా అమ్మే బ్రోమడియోలోన్ ఎలుకను వెంటనే చంపదు. లోపల రక్తం గడ్డకట్టకుండా చేస్తుంది. ఎలుక మూడు నాలుగు రోజులు మత్తుగా తిరిగి చస్తుంది. అట్టి ఎలుకే పిల్లికి సులువుగా దొరుకుతుంది. ఎలుక తిన్న విషం పిల్లి కడుపులోకి పోతుంది. మేము అటక, కొట్టం, మూలలన్నీ వెదకి బిళ్లలు ఏరి లోతుగా పాతిపెట్టాము. కాని మాకూ పొరుగింటికీ ఒకే గోడ.

ఆ పొరుగాయన రైతు. యాసంగికి అప్పు చేసి తెచ్చిన పల్లి విత్తనం ఇంట్లో పెట్టుకొన్నాడు. నేనూ నా భార్యా వెళ్లి మందు పెట్టవద్దని అడిగితే ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, “మీ పిల్లి కోసం నా ఇత్తనం ఎలుకలకు పెట్టమంటరా అయ్యగారూ? పోయినేడు సగం సంచి తిన్నయి. ఆ బాకీ ఇంకా తీరలే” అన్నాడు. దానికి నేనేం చెప్పగలను? ఆయన అన్నది నిజం. అప్పుడు అరుగు మీద కూర్చున్న ఆయన తల్లి, వెనుక తమ ఇంట్లో ఉన్న పిల్లి సంగతి చెప్పింది. మందు తిన్న ఎలుకను పట్టి మూడోనాడు ముక్కున నెత్తురు కారి చచ్చిందట. మనుమడు దానిని ఒళ్లో పెట్టుకొని వదలలేదట. కొడుకు తల వంచుకొని విన్నాడు గాని మందు మానుతానని మాత్రం అనలేదు.

మార్గం చెప్పినది నా భార్య. ఇద్దరం కలిసి మూత బిగువుగా ఉండే ఇనుప డ్రమ్ము కొన్నాము. పురుగుమందులు పోసినది కాకుండా చూచుకొని తెచ్చాము. ధర 1,100 రూపాయలు, సగం ఆయనది, సగం మాది. బాగా ఎండిన కాయను గోనెసంచితో సహా అందులోకి దించాడు. పిల్లి కోసం మేము కొన్న సరుకులన్నిటిలో ఖరీదైనది పొరుగింటి విత్తనాల డ్రమ్మే. రెండు ఎలుకల బోనులు కూడా తెచ్చి గోడకు ఇటొకటి అటొకటి పెట్టాము.

కూన వచ్చింది. పెద్దమ్మ తల్లిపిల్లి వాసన ఉన్న పాత చీరముక్కను బుట్టలో వేసి పంపింది. మొదటి రెండు రాత్రులు అది బుట్టలో పడుకోలేదు, డోలకు సంచిలో పడుకొన్నది. ఇసుక బేసిను సంగతి మాత్రం మేము చూపకముందే దానికి తెలిసింది. ఆరో నెలలో పట్నం తీసుకొనివెళ్లి పిల్లలు కాకుండా శస్త్రచికిత్స చేయించాము. ఇప్పుడు చిన్న ఎలుకలను పడుతుంది. పందికొక్కును చూస్తే తప్పుకొంటుంది, అందుకు నేను దానిని తప్పు పట్టను. బోనులు ఇంకా ఉన్నాయి.

పొరుగాయన ఇంట్లో మందు పెట్టడం మానివేశాడు గాని చేనిలో మానలేదు. పెట్టే ముందురోజు సాయంత్రం గోడ మీదుగా కేక వేస్తాడు, “అమ్మగారూ, రేపు చేన్ల మందు పెడుతున్న, మీ పిల్లిని లోపల ఉంచుండ్రి” అని. ఆ వారమంతా దానిని ముందుగదిలో వడ్ల సంచుల మధ్య మూసి పెడతాము. అది తెల్లవార్లూ తలుపు గీరుతూ అరుస్తుంది, మా అమ్మాయి తలుపుకు ఇటువైపు చాప వేసుకొని పడుకొంటుంది.