పాత కారు – పాఠపరిష్కరణము



మా పండిత శిక్షణలో పాఠపరిష్కరణమని ఒక అంశముండేది. ఒకే కావ్యానికి నాలుగు తాళపత్ర ప్రతులు లభించినపుడు ఏ పాఠం కవిది, ఏది లేఖకుని ప్రమాదం, ఏది పరుల ప్రక్షిప్తం అని నిర్ణయించే విద్య అది. బ్రౌను దొర కడపలోని తన బంగళాలో పండితులను పోషించి చేయించినది ఆ పనే. మానవల్లి రామకృష్ణకవి గారు నన్నెచోడుని కుమారసంభవాన్ని వెలికితీసి 1909లో ప్రకటించినపుడు పండితలోకం నివ్వెరపోయినదీ ఆ విద్య వల్లనే. ఈ విద్యకూ మోటారు కార్లకూ ఏమి సంబంధమని మీరడగవచ్చు. హిందూపురంలోని ఒక మెకానిక్ షెడ్డులో కొన్ని ఆదివారాలు కూర్చున్న మీదట సంబంధం బాగానే ఉన్నదని నాకు తోచింది. దానిని మీ ముందుంచడమే ఈ టపా ఉద్దేశం.

ఇప్పుడు మా ప్రాంతం పేరు చెబితే లోకానికి గుర్తుకు వచ్చేది కొత్త కార్లు. 1565 తర్వాత విజయనగర రాజులకు రాజధానియైన పెనుకొండకు చేరువలో, ఎర్రమంచి వద్ద, కొరియా దేశపు కియా కంపెనీవారి కర్మాగారం 2019 డిసెంబరులో లాంఛనంగా ప్రారంభమయింది. ప్రారంభమైననాడు ఏడాదికి మూడు లక్షల కార్లు చేయగల సామర్థ్యం దానిది. ఆ కొత్త కార్లు బారులు తీరే రహదారికి కొద్ది దూరంలోనే, చింతపండు లారీలు, బెల్లం లారీలు బాగుచేస్తూ పని నేర్చిన ఒక ముసలి మేస్త్రీ పాత కార్లకు ప్రాణం పోస్తుంటాడు. ఆదివారం నాడు ఆయన షెడ్డు ఒక సాహిత్యగోష్ఠిని తలపిస్తుంది. బెంగళూరు నుండి ఇద్దరు ముగ్గురు, అనంతపురం నుండి ఒకరు, ధర్మవరం నుండి పట్టుచీరల వ్యాపారి ఒకరు వస్తారు. నేను శ్రోతను మాత్రమే.

ఆ గోష్ఠిలో చర్చలు మహా రసవత్తరములు. అంబాసిడరు తయారీ 2014లో ఆగిపోయినా దాని విడిభాగాలకు ఇంకా కరవు లేదని ఒకరంటారు. 1974లో ప్రీమియర్ పద్మిని అనే పేరు రాకముందు అదే బండి ఫియట్ పేరుతో తిరిగేదని, ఆ నాటి బిళ్ల పగలకుండా దొరకడమే గగనమని మరొకరు. మైసూరులో 1961 నుండి 1996 వరకు తయారైన జావా, ఎజ్డీ మోటారు సైకిళ్లలో కిక్కు కొట్టే కడ్డీయే గేరు కడ్డీగా కూడా పనిచేస్తుందని నాకు తెలిసినది అక్కడే. ఎన్.టి.రామారావు గారి ప్రస్తావన వచ్చిందా, ఇక పొద్దు తెలియదు. హిందూపురం ఆయనను 1985, 1989, 1994లలో గెలిపించిన ఊరు గదా. 1982లో ఆయన ఊరూరా తిరిగిన చైతన్యరథం ఒక పాత షెవ్రొలే వ్యాను. దానిని నడిపినవాడు కుమారుడు హరికృష్ణ. "అంత బరువు మోస్తూ అన్ని ఊళ్లు తిరిగిన ఇంజనుకు మొక్కాల అయ్యవారూ" అంటాడు మా మేస్త్రీ.

ఇక అసలు విషయానికి వస్తాను. ధర్మవరంలో నాతో పనిచేసిన గణితోపాధ్యాయులొకరు, వయసులో నాకన్నా చాలా పెద్దవారు, 1988లో ఒక స్టాండర్డ్ హెరాల్డ్ కారును సెకండ్ హ్యాండులో కొన్నారు. 1967 నాటి రెండు తలుపుల బండి అది. మద్రాసులోని స్టాండర్డ్ కంపెనీవారు 1961 నుండి సుమారు పదేండ్లు ఆ కారును తయారుచేశారు. ఇంగ్లండులో అది ట్రయంఫ్ హెరాల్డ్. రూపకర్త మికెలొట్టి అనే ఇటలీ దేశస్థుడు. ఇంజను 948 సీసీలది. అంబాసిడరుకు, ఫియట్టుకు స్టీరింగు పక్కన గేరుంటే దీనికి నేల మీద ఉండేది. బానెట్టు ఒక్కటే గాక, ముందు చక్రాల మీది రేకులతో సహా ముఖభాగమంతా ముందుకు వంగి తెరుచుకుంటుంది. మేస్త్రీ దీనికి 'తల వంచే బండి' అని పేరు పెట్టాడు.

ఆ మిత్రుడు 2019లో కాలధర్మం చెందారు. బండి అంతకు పదేండ్ల ముందే ఆగిపోయింది. మొన్న 2023లో వదినగారు కబురుచేసి, "నాయనా, ఈ బండి సంగతేదో నువ్వే తేల్చిపెట్టు" అన్నారు. మేస్త్రీని వెంటబెట్టుకొని వెళ్లాను. ఆయన గంటసేపు కింద పడుకొని, చిన్న సుత్తితో తడుతూ శబ్దం విని, లేచి తల అడ్డంగా ఆడించాడు. హెరాల్డుకు చాసిస్ వేరు, పైశరీరం వేరు; శరీరమంతా భాగాలుగా బోల్టులతో బిగించి ఉంటుంది. పైరేకులు చెక్కుచెదరలేదు. షెడ్డులో ఏళ్ల తరబడి నీరు నిలిచి, కింది చాసిస్ మాత్రం వెనుకవైపున అట్టముక్కలా రాలిపోతున్నది. కావ్యం బాగుంది, తాటాకు చివికింది.

కొనేవారు ఇద్దరు వచ్చారు. రహదారి పక్కన హోటలు పెట్టుకున్న ఒకాయన, బండికి రంగు వేయించి వాకిట్లో దిమ్మె మీద నిలుపుతానన్నాడు. ఇంజను అక్కరలేదు, ఆకారం ఉంటే చాలు. గోష్ఠికి వచ్చే బెంగళూరు ఆసామి వద్ద మరొక హెరాల్డు ఉన్నది. దాని చాసిస్, ఇంజను గట్టివి. ముఖభాగం, తలుపులు ప్రమాదంలో నలిగిపోయాయి. ఈ బండిని విప్పి ఆ భాగాలు తీసుకొంటే తన బండి రోడ్డెక్కుతుందని ఆయన ఆశ. హోటలు యజమాని ఇరవై వేలు ఎక్కువ ఇస్తానన్నాడు. కుటుంబ పింఛను మీద బతికే ఇంటికి ఇరవై వేలు చిన్న మొత్తం కాదు.

నా మనసు తాటాకు కట్టల వైపే పోయింది. ఒక ప్రతిని విప్పి ఆకులు పంచడం పండితునికి ప్రాణసంకటం. ప్రతి అసంపూర్ణమైనా అట్లే భద్రపరచాలన్నది మా గురువులు నేర్పిన నియమం. ఆ మాటే వదినగారితో అని, రెండు బేరాలలోని లాభనష్టాలూ వివరించాను. ఆమె కొంతసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా అన్నారు: "ఆయన పోయిన దినం కండ్లు దానం చేసినాము గదా నాయనా. ఎవరో ఇద్దరు చూస్తా ఉంటారు. దీన్ని దిమ్మె మీద నిలబెడితే ఎవరు ఎక్కుతారు? నడిచే బండికే ఇచ్చేయి."

ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. వెతకవలసిన అవసరమూ కనిపించలేదు. బ్రౌను పండితులు మాత్రం చేసినదేమిటి? ఒక ప్రతిలో లోపించిన పద్యాన్ని మరొక ప్రతి నుండి పూరించి కావ్యాన్ని నిలిపారు. అయితే పరిష్కర్త ధర్మం ఒకటున్నది: ఏ పాఠం ఏ ప్రతి నుండి గ్రహించినదో పీఠికలో చెప్పితీరాలి. చట్టం కూడా దాదాపు అదే అంటుంది. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 55వ సెక్షను ప్రకారం, వాహనం శాశ్వతంగా పనికిరాకుండా పోతే యజమాని పదునాలుగు రోజుల్లోగా, లేదా వీలైనంత త్వరగా, రవాణా అధికారికి తెలియజేయాలి, రిజిస్ట్రేషను రద్దవుతుంది. మేము ఆ దరఖాస్తు ఇచ్చాము. ఒక బండి నంబరు మరో బండికి తగిలించడం మహాపరాధం. అది దొంగ ప్రక్షిప్తం.

ఈ పట్టింపు వృథా కాదు. 2021 జూలైలో కేంద్రం ప్రకటించిన నియమాల ప్రకారం, ఏబదేండ్లు దాటిన వాహనం చాసిస్, శరీరం, ఇంజనులలో గణనీయమైన మార్పు లేకుండా అసలు రూపంలో ఉంటేనే వింటేజి రిజిస్ట్రేషను పొందగలదు. రుసుము ఇరవై వేల రూపాయలు, గడువు పదేండ్లు. అందుకే అదే జాతి బండి నుండి వచ్చిన తలుపునకు అంత విలువ. ఈ కాలపు రేకుతో చేసిన తలుపు అతుకుతుంది గాని అన్వయించదు.

విప్పడానికి మూడు ఆదివారాలు పట్టింది. మేస్త్రీ ప్రతి బోల్టు వరుసనూ ఒక పాత చిట్టాపుస్తకంలో రాయించాడు, నా చేత. ఆయనకు చదువు రాదు. ఏ బోల్టు ముందు తీయాలి, ఏది తీస్తే ఏది వంగుతుంది, తుప్పు పట్టిన చోట ఎంతసేపు నూనె నాననివ్వాలి — అన్నీ ఆయన కంఠస్థం. ఆయన కొడుకు ఎర్రమంచి కర్మాగారంలో ఉద్యోగి. ఈ పనిలోకి రాడు, రానవసరమూ లేదు. కాని ఆ కంఠస్థ విద్య ఆయనతోనే పోతే, ఆ బెంగళూరు బండి మరల ఆగిన నాడు దానిని విప్పే చేయి ఉండదు. కారు పోవడం కన్న అది పెద్ద నష్టమని నా భావన. అందుచేత ఇప్పటికి నలుబది పుటలు ఎత్తి రాశాను. ఆయన మాటలను ఆయన మాటలుగానే ఉంచుతున్నాను, 'సంస్కరించ' లేదు.

హెరాల్డు ముఖభాగం, రెండు తలుపులు, గేరుబాక్సు బెంగళూరు చేరాయి. మిగిలిన ఇంజను షెడ్డులో బల్ల మీద ఉన్నది. నేర్చుకోవాలని వచ్చే పిల్లవాడెవడైనా విప్పి బిగించుకోవడానికి. ఇప్పటికి ఒక్కడు వస్తున్నాడు, ఐ.టి.ఐ. చదివే ధర్మవరం కుర్రవాడు. పోయిన వారం డిస్ట్రిబ్యూటరు మూత తిరగేసి బిగించి మేస్త్రీ చేత చీవాట్లు తిన్నాడు. ఈ ఆదివారం మళ్లీ వచ్చాడు.

మీ ఇండ్లలో తాతల నాటి బండ్ల చిట్టాలు, కంపెనీలవారి మరమ్మతు పుస్తకాలు ఉంటే పాత కాగితాలవారికి వేయకండి. ఒక్క పుట అయినా సరే, ఎక్కడో ఒక ప్రతిలోని ఖాళీని పూరించవచ్చు.