మౌలాలి నుంచి తార్నాక దాకా... ఓ రుచుల షికారు!

హైదరాబాద్‌కి వచ్చిన ప్రతి చుట్టమూ అడిగే ప్రశ్న ఒకటే: "బిరియానీ ఎక్కడ బాగుంటుంది?" పోయిన డిసెంబరులో రాజమండ్రి నుంచి వచ్చిన మా బావమరిదీ అదే అడిగాడు. నేను మాత్రం అతన్ని చార్మినార్ వైపు తీసుకుపోలేదు. "మౌలాలి నుంచి తార్నాక దాకా నాలుగైదు కిలోమీటర్లు. పద, దేశమంతా తిరిగొద్దాం" అన్నాను. నవ్వాడు. నవ్వనీండి!

మౌలాలి గుట్ట మీద హజ్రత్ అలీ పేరిట దర్గా. గుట్ట కింద మహ్‌లఖా బాయి చందా సమాధి. ఎవరావిడ అంటారా? నిజాం దర్బారులో ఆడి, పాడి, ఉర్దూ గజళ్ళు రాసిన కళావంతురాలు. 1824లో కన్నుమూసింది. సినిమా కథకి ఇంతకంటే నాయిక కావాలా?

రజబ్ నెల 22న ఈ చుట్టుపక్కల షియాల ఇళ్ళలో 'కుండే' చేస్తారు. మట్టి కుండల్లో ఖీరు, పక్కన పూరీలు. ఆచారం ఏమిటంటే, పిలిచినవాళ్ళింట్లోనే కూర్చుని తినాలి, గడప దాటించకూడదు. కాలేజీ రోజుల్లో ఓ స్నేహితుడింట్లో తిన్నాను. ఆ రుచి ఏ హోటల్లోనూ దొరకలేదు. దొరకదు కూడా, పిలుపు ఉండాలి!

అక్కణ్ణుంచి లాలాపేట మీదుగా లాలాగూడ. 1893లో ఇక్కడ రైలు పెట్టెల కార్ఖానా వెలిసింది. పని వెంట మనుషులొచ్చారు, మనుషుల వెంట వంటలొచ్చాయి. తమిళుల సాంబారు, ఆంగ్లో ఇండియన్ల 'ఎల్లో రైస్, బాల్ కర్రీ'. అంటే పసుపూ కొబ్బరిపాలూ వేసి వండిన అన్నం, కైమా ఉండల కూర.

నాకు తెలిసిన ఆంటీ ఒకావిడ పెంకుటింటికి తీసుకెళ్ళాను. డెబ్భై దాటిన మనిషి. గడప దగ్గర మా బావమరిది ఆగిపోయాడు. "వీళ్ళింట్లో తింటామా?" అని చెవిలో ఊదాడు. నేను మాట్లాడలేదు.

లోపల క్రిస్మస్ హడావుడి. ఆంటీ పిండిముద్దని ఫోర్కు వీపు మీద ఒత్తి చుడుతోంది. 'కుల్‌కుల్స్' అట. పక్కింటి తెలుగు కోడలు నూనెలో వేయించి పాకం పడుతోంది. బావమరిది కళ్ళు పెద్దవి చేశాడు. "బావా, ఇవి మన గవ్వలు కదూ!"

"తిను మ్యాన్" అంది ఆంటీ. తిన్నాడు. రెండోసారి అడిగి మరీ తిన్నాడు!

పిల్లలంతా ఆస్ట్రేలియాలో స్థిరపడ్డారట. "ఫోన్లో ఎలా చెయ్యాలని అడుగుతారు. చేతి పని ఫోన్లో ఎలా వస్తుంది? ఈ పిల్ల నేర్చుకుంటానంది, బతికిపోయాను" అంది. వచ్చేటప్పుడు ఓ డబ్బా నిండా పోసిచ్చింది.

తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ గేటు చూపించాను. 1918లో కూనూరులో మొదలై, 1958లో హైదరాబాద్ చేరింది. 2017లో వాళ్ళు అచ్చేసిన పట్టికల్లో 528 ఆహార పదార్థాల లెక్కలున్నాయి. ఎందులో ఎన్ని మాంసకృత్తులో చెబుతారు. ఎవరింట్లో ఎవరు తిన్నారన్న లెక్క మాత్రం మనమే రాసుకోవాలి.

చివరికి ఉస్మానియా క్యాంపస్. 1939 నాటి ఆర్ట్స్ కాలేజీ మెట్ల మీద కూర్చున్నాం. పల్లెల పిల్లలు, ఆఫ్రికా, అరబ్బు దేశాల పిల్లలు అంతా చదువుకునే చోటిది. ఇక్కడే 2012 ఏప్రిల్లో, హాస్టల్ భోజనంలో గొడ్డుమాంసం కూడా ఉండాలంటూ దళిత విద్యార్థులు పండుగ చేసుకుంటే ఘర్షణలు జరిగాయి. ఆ సంగతి చెబితే బావమరిది కాసేపు మాట్లాడలేదు. తరవాత డబ్బా మూత తీసి, "పొద్దున ఆ గడప దగ్గర నేనూ అలాగే ఆగాను కదా బావా" అన్నాడు.

అన్నట్టు, ఇచ్చిన డబ్బా ఖాళీగా తిరిగివ్వకూడదు కదా! సంక్రాంతికి మా అత్తగారు దాన్నిండా అరిసెలు పోసి పంపారు. తీసుకెళ్ళి ఇచ్చాను. ఆంటీ ఓ అరిసె కొరికి, "ఇది ఎట్ల చేస్తారు? మీ అత్తగారు ఈసారి వస్తే ఇక్కడికి పంపు, నేర్చుకుంటా" అంది.

ఫోన్లో ఆ మాట చెబితే అత్తగారు టిక్కెట్టు తీయించమన్నారు.